ఒక్క పట్టుచీర... రెండున్నర వేల గూళ్లు

పట్టుచీర గురించి మన ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా అంటారేమో! నిజమే. అంచు చూసి ధర్మవరమో, కంచో, గద్వాలో చెప్పేస్తాం. చేత్తో ఒకసారి నలిపి బరువెంతో అంచనా వేస్తాం. కానీ ఆ పోగు అసలు దేనితో తయారయింది, ఎవరి ఇంట్లో తయారయింది, దానికి ఎన్ని ప్రాణాల ఖర్చయింది అని అడిగితే మాత్రం ‘‘పురుగు నుంచి వస్తుంది కదా’’ అనేసి ఊరుకుంటాం. నేనూ అంతకు మించి ఆలోచించే అవసరం రాలేదు, మా అమ్మాయి పెళ్లి కుదిరేదాకా.

మాది అనంతపురం. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. సంబంధం కుదిరాక ఒక ఆదివారం కూర్చుని చీరల లెక్క రాసుకుంటున్నాం. ముహూర్తానికి ఒకటి, వ్రతానికి ఒకటి, అప్పగింతలకు ఒకటి, రిసెప్షన్‌కు ఒకటి. తలంబ్రాల వేళ కట్టే మధుపర్కాలు ఎటూ నూలువే అనుకోండి. నేను రాస్తూ పోతున్నాను, అది పెన్ను పట్టుకుని నా చెయ్యి ఆపింది. ‘‘అమ్మా, నాకు పట్టు వద్దు. గూట్లో పురుగు బతికి ఉండగానే ఆవిరి పడతారట. అది తెలిసి కట్టుకోలేను’’ అంది.

ఇంకో ఇంట్లో అయితే ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. మా ఇంట్లో అయింది. ఎందుకంటే మా పెద్దాడపడుచు గారు మడకశిర దగ్గర ఒక పల్లెలో పట్టుపురుగులు పెంచుతారు. వేరుశనగ వేసి వేసి, వానలు లేక విసిగి, ఎకరా మల్బరీ నాటుకుని ఇరవై ఏళ్లయింది. ఆ గూళ్ల డబ్బుతోనే ఇద్దరు పిల్లల్ని చదివించుకున్నారు. అంతేకాదు, మా అమ్మాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం ఫీజుకు మాకు సర్దుబాటు కానప్పుడు, హిందూపురం మార్కెట్లో గూళ్లు అమ్మి ఆ డబ్బు అటునుంచి అటే మా ఆయన చేతిలో పెట్టి వెళ్లిన మనిషి ఆవిడ. మేనత్తగా పెళ్లిలో మేనకోడలికి తనే పట్టుచీర పెట్టాలని ఏడాది ముందే డబ్బు తీసి పక్కన పెట్టుకున్నారు. ఆ చీర వద్దని చెప్పడమంటే ‘‘నీ కూడు పాపపు కూడు’’ అని చెప్పినట్టు కాదా? మా ఆయనైతే, ‘‘మీ తల్లీకూతుళ్లు ఏమైనా తేల్చుకోండి, మా అక్కకు మాత్రం నేను చెప్పలేను’’ అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

నేను ఇంటర్ బైపీసీ చదివాను. పెళ్లయ్యాక పై చదువు సాగలేదు గానీ, జువాలజీ మీద ఇష్టం మాత్రం పోలేదు. అమ్మాయితో వాదన పెట్టుకోకుండా, ‘‘సరే, అసలు పట్టు అంటే ఏమిటో మొదట్నుంచీ తెలుసుకుందాం. తర్వాత వద్దంటే నేనే మీ అత్తకు చెబుతాను’’ అన్నాను. అది చదివి చెప్పింది కొంత, నాకు గుర్తున్నది కొంత, ఆపైన మా వదిన ఇంట్లో రెండ్రోజులుండి కళ్లారా చూసింది కొంత. అదంతా మీతో పంచుకోవాలనిపించింది.

పట్టు అంటే మాంసకృత్తు. అంటే ప్రోటీన్. మన పప్పులో, పాలలో, గుడ్డులో, ఆఖరికి మన జుట్టులో ఉండేది కూడా ప్రోటీనే. ప్రోటీన్లన్నీ అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన పొడవాటి గొలుసులు. ఇలా చిన్న ముక్కలు వందలు వేలు కలిసి గొలుసు కడితే దాన్నే శాస్త్రవేత్తలు పాలిమర్ అంటారు. పూలమాల గుర్తు తెచ్చుకోండి. ప్రకృతి దగ్గర ఇరవై రకాల పూలున్నాయి. ఏ పూవు తర్వాత ఏ పూవు గుచ్చామన్న దాన్ని బట్టి ఒక మాల మన వెంట్రుక అవుతుంది, ఇంకో మాల గుడ్డులోని తెల్లసొన అవుతుంది. పట్టుపురుగు మాల మాత్రం చాలా సాదాసీదా. గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, సెరిన్... మల్లె, కనకాంబరం, మల్లె, కనకాంబరం, మల్లె, మరువం అన్నట్టు అదే వరస మళ్లీ మళ్లీ. పట్టు పోగులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఈ మూడు అమైనో ఆమ్లాలే.

ఈ మూడూ అమైనో ఆమ్లాల్లో చాలా చిన్నవి. అందుకే ఆ గొలుసులు ఒకదాని పక్కన ఒకటి సందు లేకుండా సర్దుకుంటాయి, ఇస్త్రీ చేసి బీరువాలో దొంతర పెట్టిన చీరల్లాగా. పట్టుకు అంత బలం అక్కణ్నుంచే వచ్చింది. మధ్య మధ్యలో కాస్త వదులుగా ఉండే భాగాలు కూడా ఉంటాయి. పట్టుకు ఆ సాగే గుణం, మెత్తదనం వాటివల్ల. ఇక మెరుపు ఎలా వచ్చిందంటే, పట్టు పోగును అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఇంచుమించు మూడు పలకలుగా ఉంటుందట. వెలుగు పడగానే అద్దం ముక్కలా తళుక్కుమంటుంది. పత్తి పోగు అలా కాదు, మెలితిరిగిన నాడాలా ఉంటుంది. అందుకే నూలుకు ఆ మెరుపు లేదు.

ఈ పోగు ప్రోటీన్ పేరు ఫైబ్రాయిన్. పురుగు కడుపులో రెండు పక్కలా రెండు పొడవాటి గ్రంథులుంటాయి. రెంటి నుంచీ రెండు సన్నని పోగులు తల దగ్గరికి వచ్చి కలుస్తాయి. వాటిని అంటించే జిగురు ఇంకో ప్రోటీన్, సెరిసిన్. పట్టుగూటి పోగు బరువులో నాలుగో వంతు దాకా ఈ జిగురే ఉంటుంది. నేత నేసే ముందు సబ్బు నీళ్లలో ఉడకబెట్టి ఈ జిగురు తీసేస్తే గానీ ముడి పట్టుకు మెత్తదనం, మెరుపు రావు. కడుపులో ఉన్నంతసేపూ పట్టు చిక్కని ద్రవమే. బయటికి వచ్చేటప్పుడు పురుగు తల ఆడిస్తూ లాగే లాగుడికి లోపలి గొలుసులు వరసగా సర్దుకుని గట్టిపడతాయి. మామూలు నీళ్లలో కరిగి ఉన్నది బయటికొచ్చాక మళ్లీ నీళ్లలో కరగదు! వేడి అక్కర్లేదు, ఫ్యాక్టరీ అక్కర్లేదు. మనుషులు దీన్ని చూసి చూసి ఇలాంటిదే చేద్దామని కూర్చుంటే 1935లో అమెరికాలో నైలాన్ పుట్టింది. నైలాన్ గొలుసులో ముక్కకూ ముక్కకూ ఉండే ముడి, పట్టులో ఉండే ముడి ఒకే రకానివి. 1940లో నైలాన్ మేజోళ్లు అమ్మకానికొచ్చి అక్కడ పట్టు మేజోళ్లను పక్కకు నెట్టేశాయి. అయినా చర్మానికి తగిలినప్పుడు పట్టు ఇచ్చే హాయి నైలాన్ ఇవ్వలేకపోయింది. పట్టు తన బరువులో మూడో వంతు దాకా చెమ్మ పీల్చుకుని కూడా తడిగా అనిపించదు మరి.

ఇదంతా చదివాక కూడా అమ్మాయి, ‘‘బాగుందమ్మా, కానీ చంపడం చంపడమే కదా’’ అంది. నేను కాదనలేదు. ‘‘అత్త దగ్గరికి వెళ్దాం పద’’ అన్నాను.

మేం వెళ్లేసరికి వదిన ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం దాటి ఉన్నాయి. జ్వరం అంటే మన జ్వరం కాదండీ. పురుగు పాత చర్మం విడిచి కొత్త చర్మం వేసుకునేటప్పుడు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్ని అక్కడ జ్వరం అంటారు. మొత్తం నాలుగు జ్వరాలు. పుట్టినప్పుడు ఆవగింజలో సగం కూడా ఉండని పురుగు ఇరవై ఐదు, ఇరవై ఆరు రోజుల్లో మన వేలంత అవుతుంది. బరువు పదివేల రెట్లు పెరుగుతుందట! నాలుగో జ్వరం లేచాక దాని ఆకలి చూడాలి. మొత్తం తినే మేతలో నూటికి ఎనభై పాళ్లు ఆ చివరి వారంలోనే తింటుంది. రాత్రి దీపాలార్పి పడుకుంటే పక్క షెడ్డులోంచి చిన్న వాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు. అమ్మాయి లేచి కూర్చుని, ‘‘వానొస్తోందా అత్తా?’’ అంది. ‘‘వాన యాడిది పాపా, పురుగులు ఆకు నములుతాండాయి’’ అని నవ్వింది వదిన.

ఆవిడ పద్ధతి చూస్తే పురిటి గది జ్ఞాపకమొచ్చింది. కాళ్లు కడుక్కోకుండా షెడ్డులోకి ఎవర్నీ రానివ్వదు. గుమ్మం దగ్గర బ్లీచింగు పౌడరు, సున్నం. దోమల బత్తీ వెలిగించడానికి వీల్లేదు, ఆ పొగకు పురుగులు చచ్చిపోతాయి. పక్క చేలో ఎవరైనా మందు కొడుతున్నారంటే ఆ గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి. వేడి ఎక్కువైతే తడి గోనెపట్టాలు కట్టాలి. చలి ఎక్కువైతే లోపల కుంపటి పెట్టాలి. తడి ఆకు వెయ్యకూడదు, వాడిన ఆకు వెయ్యకూడదు. ఇంత చేసినా పాలరోగం, సున్నపుకట్టు రోగం, ఊజీ ఈగ... ఏదో ఒకటి తగిలిందంటే నాలుగు రోజుల్లో షెడ్డంతా ఖాళీ. ఒక ఏడాది అలాగే రెండు పంటలు వరసగా పోయాయట. ‘‘ఎత్తి గుంతలో పోసేటప్పుడు ఏడుపొచ్చింది’’ అంది.

ఈ రోగాల మాట వచ్చింది గనక ఒక సంగతి. 1865లో ఫ్రాన్సులో పట్టుపురుగులకు పెబ్రిన్ అనే రోగం వచ్చి రైతులు దివాళా తీస్తుంటే, లూయీ పాశ్చర్‌ను పంపారు. పాలు కాచే పద్ధతికి పేరు పెట్టుకున్న ఆ పాశ్చరే. దాదాపు ఐదేళ్లు శ్రమించి, గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూసి, రోగపు కణాలు కనబడితే ఆ గుడ్లు పారేయాలని తేల్చాడు. ఇన్నేళ్లయినా మన గుడ్ల కేంద్రాల్లో అదే పరీక్ష. రోగం లేదని తేలిన గుడ్లే రైతుకు వస్తాయి. వదిన వాళ్లు ఒక పంటకు 150 గుడ్లు పెడతారు. 150 అంటే 150 పురుగులనుకునేరు! ఒక్కో తల్లి చిలుక పెట్టిన గుడ్లన్నీ కలిపి ఒక లెక్క. అంటే ఒక్కోదాంట్లో నాలుగు వందలకు పైనే. పంట బాగా పండితే 100 కిలోల దాకా గూళ్లు వస్తాయట. ఏడాదికి ఐదు పంటలు.

పురుగు పండిందంటే, అంటే మేత మానేసి ఒళ్లు పసిమిగా గాజులా మెరుస్తుంటే, ఒక్కొక్కటే ఏరి చంద్రికల మీద వేస్తారు. గుండ్రంగా వెదురుతో అల్లిన చాపల్లాంటివి. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చాయి. అక్కడ పురుగు తల అటూ ఇటూ ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతూ రెండు మూడు రోజులు ఆపకుండా గూడు అల్లుకుంటుంది. ఒక్క గూట్లో తెగకుండా వచ్చే పోగు వెయ్యి మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. మంచి జాతి అయితే ఇంకా ఎక్కువ. అమ్మాయి ఆ చంద్రిక ముందు అరగంట కూర్చుంది. ఏమీ మాట్లాడలేదు.

గూళ్లు కోసి మార్కెట్‌కు పంపిస్తే అక్కణ్నుంచి రీలింగు వాళ్లు కొంటారు. అక్కడే ఆవిరి పట్టడం, వేడి నీళ్లలో వేసి పోగు తీయడం. ఆవిరి పట్టకపోతే గూడు కట్టిన పది పన్నెండు రోజులకు లోపలి పురుగు చిలుకగా మారి, ఉమ్మితో గూడు మెత్తబరిచి బయటికి వచ్చేస్తుంది. దాంతో వెయ్యి మీటర్ల పోగు ముక్కలు ముక్కలైపోతుంది. అందుకే అది బయటికి రాకముందే చంపేస్తారు. ఇందులో దాపరికమేమీ లేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి అడిగేసింది. నాకైతే గుండె దడదడలాడింది. ‘‘అత్తా, ఇంత సాకి, చివరికి చంపడానికి పంపిస్తావు కదా, నీకేమీ అనిపించదా?’’ అంది.

వదిన చెయ్యి కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చుంది. ‘‘అనిపించకుండా ఎట్లుంటాది పాపా? మొదటి పంటప్పుడు మూడు రోజులు అన్నం సయించలా. సచ్చాదని తెలీక చేసేది కాదు ఇది, తెలిసే చేస్తాండాం. కోళ్లు సాకేటోళ్లు, మేకలు సాకేటోళ్లు తెలిసే చేస్తారు. పాలిచ్చే గొడ్డు కాడ దూడ నోరు కట్టి పాలు పిండుకునేదీ తెలిసే. మా అత్త ఒక మాట చెప్పేది, జీవానికి కడుపు నిండా పెట్టు, ఉన్నన్నాళ్లు కష్టం రానీకు, దాని సొమ్ము ఊరికే పారేయకు అని. నేను చేసేది అంతే’’ అంది. కాసేపాగి, ‘‘నీకు కట్టాలని లేకుంటే కట్టొద్దులే. నేనేమీ అనుకోను’’ అని కూడా అంది. అనుకోను అన్న ఆవిడ గొంతు ఎలా ఉందో నాకు తెలుసు. అమ్మాయికీ తెలిసింది.

మర్నాడు బస్సులో అమ్మాయి ఫోనులో లెక్కలు వేసింది. జిగురు తీసేశాక చీరకు అరకిలో పట్టు కావాలంటే ముడి పట్టు 600 గ్రాములకు పైనే కావాలి. కిలో ముడి పట్టుకు ఏడు కిలోల దాకా గూళ్లు పడతాయి. అంటే చీరకు నాలుగున్నర కిలోలు. కిలోకు సుమారు 550, 600 గూళ్లు తూగుతాయి. మొత్తం రెండున్నర వేలు! జరీ బరువు ఇందులో లేదు. మా జాబితాలో ఉన్నవి నాలుగు పట్టుచీరలు, పెట్టుబడులకు ఇంకో పన్నెండు. లెక్క చూసి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మరి చంపకుండా పట్టు రాదా అంటే వస్తుంది. మన తెలుగువారే, ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య గారు, చిలుక గూడు తొలుచుకుని వెళ్లిపోయాక మిగిలిన గూళ్ల నుంచి పోగు వడికి ‘అహింసా పట్టు’ తయారు చేశారు. 1990 ప్రాంతంలో అప్పటి రాష్ట్రపతి వెంకట్రామన్ గారి సతీమణి జానకి గారు, పురుగును చంపకుండా నేసిన పట్టు ఉందా అని అడగడంతో ఆయనకీ ఆలోచన మొదలైందట. 2006లో పేటెంటు కూడా వచ్చింది. తెగిన పోగులను దూదిలా వడకాలి కనుక అంత మెరుపు ఉండదు, ధర ఎక్కువ. అస్సాంలో ఆముదపు ఆకు మేసే ఎరి పురుగుదైతే గూడే ఒక వైపు తెరిచి ఉంటుంది. చిలుక దారి చూసుకుని వెళ్లిపోతుంది. అయినా అక్కడ ఎరి పురుగును కూర వండుకుని తింటారు కూడా! మన తెలంగాణలో మహదేవపూర్, చెన్నూరు అడవుల్లో మద్దిచెట్ల మీద పెరిగే దసలి పట్టు వేరే. అది అడవి పురుగు.

అమ్మాయి ఇంకో లెక్క కూడా వేసింది. రెండున్నర వేల గూళ్ల నుంచి చిలుకలన్నీ బయటికి వస్తే సగం ఆడవి. ఒక్కోటి 400 గుడ్లు పెడితే ఐదు లక్షలు. వాటన్నిటికీ ఆకు ఎవరు పెడతారు? ఈ పురుగు వేల ఏళ్లుగా మనిషి చేతి మేతకే అలవాటు పడిపోయింది. చిలుకకు రెక్కలుంటాయి గానీ ఎగరలేదు. నోరుంటుంది గానీ తినలేదు. గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో పోతుంది. ‘‘ఎటు చూసినా సులువు లేదమ్మా’’ అంది. నాకు ఆ మాట నచ్చింది. సులువు లేదని తెలుసుకోవడమే సగం చదువు.

చివరికి తనే తేల్చింది. కొత్త పట్టుచీర ఒక్కటే, అత్త పెట్టేది. ముహూర్తానికి అదే. వ్రతానికి 2001లో నా పెళ్లికి కొన్న ధర్మవరం చీర. అప్పగింతలకు, రిసెప్షన్‌కు మంగళగిరి, వెంకటగిరి నూలుచీరలు. పెట్టుబడులన్నీ నూలే. ‘‘రెండున్నర వేల ప్రాణాలు పోసిన చీర ఒక్కటి చాలు. దాన్ని నా కూతురు కట్టేదాకా దాచుకుంటాను’’ అంది. పెట్టుబడి చీరలు చూసి పెదవి విరిచిన చుట్టాలూ ఉన్నారు. ఉంటారు మరి. వదినకు ఫోను చేసి అమ్మాయే చెప్పింది. ‘‘మిగతా పట్టుచీరలన్నీ మానేశాను, నీది మాత్రం ఎవరు వద్దన్నా కడతాను అత్తా’’ అంటే అవతల కాసేపు చప్పుడే లేదు.

దాచుకోవాలంటే ఎలా దాచుకోవాలో తెలియాలి కదా. పట్టు ప్రోటీన్ అన్న ఒక్క ముక్క గుర్తుంటే చాలు, జాగ్రత్తలన్నీ వాటంతటవే తెలుస్తాయి. గుడ్డు మరకలు, రక్తపు మరకలు పోగొట్టే ఎంజైము సబ్బుపొడులున్నాయి చూడండి, అవి ప్రోటీన్‌ను తినేసేవి. మరకతో పాటు పట్టునూ తినేస్తాయి. చాకలి సోడా కూడా పట్టుకు శత్రువే. బ్లీచింగు నీళ్లలో అయితే పట్టు కరిగే పోతుంది. మన పెద్దవాళ్లు కుంకుడు రసంతో జాడించేవారంటే ఊరికే కాదు, దాంట్లో ఆ క్షార గుణం లేదు. తడిసినప్పుడు నూలు బలం పెరుగుతుంది, పట్టు బలం తగ్గుతుంది. అందుకే పట్టుచీరను మెలిపెట్టి పిండకూడదు. ఎండ తగిలితే పసుపు రంగు తిరిగి పెళుసవుతుంది కనుక నీడలోనే ఆరెయ్యాలి. చెమట తడి ఆరకుండా మడత పెట్టకూడదు. సెంటు చీర మీద కాకుండా కట్టుకోకముందే ఒంటికి రాసుకోవాలి. జరీ ఉన్న భారీ చీరలైతే శుభ్రం చేసేవాళ్లకు ఇవ్వడమే మేలు. ప్లాస్టిక్ కవర్లలో బిగించకుండా పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి. రెండు మూడు నెలలకోసారి తీసి మడతలు మార్చండి. ఒకే మడత మీద ఏళ్ల తరబడి ఉంటే అక్కడే చిరుగుతుంది. నా పెళ్లి చీర ఇరవై ఏళ్లు దాటినా కట్టుకోవడానికి పనికొచ్చిందంటే మా అత్తగారు నేర్పిన ఈ మడతల అలవాటు వల్లే.

కొనేటప్పుడు మోసపోకుండా ఉండాలంటే కొంగు కుచ్చులోంచి ఒక్క పోగు లాగి వెలిగించి చూడండి. పట్టు అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది. మన జుట్టూ ప్రోటీనే కదా! మంట తీసేయగానే ఆరిపోతుంది, నల్లటి మసిని వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా తయారవుతుంది. రేయాన్ అయితే కాగితం కాలిన వాసన. జరీ పోగుతో మాత్రం ఈ పరీక్ష చెయ్యకండి. 2004 నుంచి ‘సిల్క్ మార్క్’ చీటీ కూడా వచ్చింది. అది ఉందేమో చూసి తీసుకోండి.

పట్టు చీరలకే అనుకోకండి. ఆపరేషన్లలో, పన్ను పీకాక వేసే కుట్లలో పట్టుదారం వాడతారు. మన ఒంటికి సరిపడే ప్రోటీన్ కనుక పుండ్ల మీద వేసే పల్చటి పొరలు కూడా పట్టుతో తయారవుతున్నాయి. ఉడకబెట్టి పారబోసే జిగురును ఇప్పుడు ముఖానికి రాసే క్రీముల్లో కలుపుతున్నారు. పోగు తీశాక మిగిలిన పురుగు కోళ్లకు, చేపలకు మేత అవుతుంది. వదిన అత్తగారు చెప్పినట్టు ఊరికే పారేసేది ఏమీ లేదు.

పెళ్లి మాఘంలో బాగా జరిగింది. వదిన తెచ్చిన చీర గంధం రంగు ఒళ్లు, వంకాయ రంగు అంచు. పెద్ద జరీ లేదు. ఆవిడే ధర్మవరం వెళ్లి మగ్గం దగ్గర కూర్చుని చెప్పి నేయించుకొచ్చారట. అమ్మాయి అత్తవారింటికి వెళ్లేటప్పుడు పెట్టెలో ఆ చీరతో పాటు ఒక ఖాళీ పట్టుగూడు కూడా పెట్టుకుంది. ‘‘పక్కన ఇది ఉంటే మడతలు మార్చడం మరిచిపోనమ్మా’’ అంది. మీ బీరువాలో ఉన్న పట్టుచీరలు కూడా ఒకసారి తీసి మడతలు మార్చండి. పనిలో పనిగా వాటి లెక్క కూడా చూసుకోండి.